పెరెషు పేరు

పెరెషు అంటే పేడ. బేత్ గోరెను ఊళ్ళో మాటలు నేర్చిన ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. అయినా ఆ పేరు గల మనిషి అదే ఊళ్ళో పుట్టి, పెరిగి, కొండవాలున ద్రాక్షతోట వేసి, హొగ్లాను పెళ్ళాడి, వానకు నానిన రాతిగట్టు తన మీద కూలి చచ్చిపోయేదాకా ఎవరూ ఆ పేరు విని ముక్కు మూసుకోలేదు. ఒక్క అతని అన్న తప్ప.

పేరు పెట్టింది తల్లి అతారా. ఆ కొండల్లో బిడ్డకు పేరు పెట్టడం కన్నతల్లి హక్కు. పెద్దకొడుకు విషయంలో మాత్రం మొగుడు అడ్డుపడ్డాడు. ఆ ఏడు వానలు బాగా కురిపించాడని బయలు దేవుడికి మొక్కు తీర్చుకుంటూ వాడికి బయల్యాదా అని పెట్టాడు. బయలుకు తెలుసు అని అర్థం. తరువాత పుట్టినవాళ్ళకు అతారాయే పేర్లు పెట్టుకుంది. అన్నీ ఘనమైన పేర్లు, అన్నిట్లోనూ యెహోవా నామం. యెహోవా ఇచ్చాడని ఒకడికి, యెహోవా కనికరించాడని ఇంకొకడికి, యెహోవా విన్నాడని మరొకడికి. ఒక్కడూ రొట్టె కొరికే వయసుకు రాలేదు. యెహోవా విన్నాడో లేదో గాని, మృత్యువు మాత్రం ప్రతి పేరునూ చెవి ఒగ్గి విన్నది.

ఇంత పెద్ద పేర్లు పెట్టి చావుకు నేనే దారి చూపిస్తున్నాను అనుకుంది అతారా. మళ్ళీ కొడుకు పుట్టగానే, బొడ్డు తడి ఆరకముందే వాణ్ణి ఇంటి వెనక పేడకుప్ప మీద పడుకోబెట్టి, ఊరంతా వినేటట్టు పెరెషూ అని పిలిచింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం మృత్యువు నిజంగానే వచ్చిందని మంత్రసాని తను పోయేదాకా ఒట్టేసి చెబుతూ ఉండేది. పైబట్ట ముక్కుకు అడ్డం పెట్టుకుని గడపలో నిలబడిందట. లోపల ఏముంది అని అడిగిందట. పేడ అన్నదట అతారా. దీనికోసమా నన్ను ఇంత కొండ ఎక్కించారు అని విసుక్కుని, వచ్చిన శ్రమ వృథా పోకూడదని పక్కింటి గాడిదను తోలుకుపోయిందట. గాడిద చచ్చిన మాట మాత్రం నిజం. పక్కింటివాళ్ళు కోపం వచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఆ గాడిద మాట ఎత్తుతారు.

అలా బతికినవాడు పెరెషు. అలా బతికినవాణ్ణి రాతిగట్టు మింగింది. పిల్లలు లేరు.

అతన్ని గుహలో తండ్రి ఎముకల పక్కన పెట్టిన రోజున హొగ్లా ఒక సంగతి గమనించింది. ఆడవాళ్ళందరూ పెరెషూ పెరెషూ అని రొమ్ములు బాదుకుంటుంటే, బావగారు మాత్రం "అయ్యో నా సహోదరుడా" అంటున్నాడు. అందులో తప్పేమీ లేదు, ఏడుపులో ఆ మాట వాడుకే. కాని ఎంతసేపటికీ అదే మాట. చచ్చినవాడి పేరు ఒక్కసారి నోట రాలేదు. నెత్తిన పోసుకోవలసిన బూడిదను కూడా నుదుటి మీద చిటికెడు అద్దుకున్నాడు, నూనె రాసి దువ్వుకున్న గడ్డానికి అంటకుండా.

అప్పటికి అతను బయల్యాదా కాదు. రాజుగారి మనుషులు వచ్చి కొండకొన మీది బయలు బలిపీఠాన్ని పగలగొట్టి, స్తంభాలను కాల్చి, ఆ బూడిదను వాగులో కలిపి పోయిన మర్నాటి నుంచి అతని పేరు యెహోయాదా. యెహోవాకు తెలుసు అని అర్థం. ఊరి పెద్దల్లో పెద్దవాడు గారేబు ఆ రోజే ఊరి పెద్దవాకిలి అయిన గవిని దగ్గర అతన్ని ఆపి అడిగాడు.

"ఏరా, నిన్నటిదాకా బయలుకు తెలిసింది కదా. రాత్రికి రాత్రి అది యెహోవాకు ఎట్లా తెలిసిందిరా? ఇద్దరూ ఎదురుపడి చెప్పుకున్నారా?"

"ఎగతాళి వద్దు పెద్దయ్యా. ఇది దేవుడి నామం మోసే ఒళ్ళు."

"నిన్నటి ఒళ్ళేగా. కడుక్కున్నావా మరి?"

కడుక్కున్నాడు. అప్పటి నుంచి కడుక్కోవడమే పని. తినేముందు కడిగేవాడు, తిన్నాక కడిగేవాడు, కుక్క అరిస్తే చెవులు కడిగేవాడు. ఊరి నీటితొట్టి ఆ ఏడు త్వరగా ఎండిపోయింది వాన లేక కాదు, యెహోయాదా కాళ్ళు కడగడం వల్లనేనని ఆడవాళ్ళు చెప్పుకునేవారు. ఘాటు పరిమళమున్న బోళం బంక పూసిన గుడ్డ ఒకటి ఎప్పుడూ చేతిలో ఉండేది. తమ్ముడి ఇంటి ముందు నుంచి పోతున్నప్పుడు అది ముక్కు మీదికి వచ్చేది, తమ్ముడు ఇంట్లో ఉన్నా లేకపోయినా.

దుఃఖదినాలు ముగిశాక అతను వచ్చాడు. పీట మీద దుమ్ము విదిలించి, దాని మీద గుడ్డ పరిచి, కూర్చున్నాడు.

"అమ్మా, ధర్మం నాకు తెలుసు. తమ్ముడు బిడ్డలు లేకుండా పోయాడు. ఇంట్లో నాకు భార్య, కొడుకు ఉన్నా, అతని భార్యను నేను తీసుకుంటాను. మొదట పుట్టిన మగబిడ్డ అతని కొడుకే అవుతాడు. తోట వాడిదే."

అతారా చేతిలోని కాయధాన్యాలు ఏరుతూనే ఉంది. హొగ్లా గోడకు ఆనుకుని వింటోంది.

"పేరు మాత్రం హనన్యా" అన్నాడు.

"హనన్యా ఎవరు?" అంది అతారా.

"యెహోవా కనికరించాడు అని అర్థం."

"అర్థం నాకు చెబుతావేంట్రా. ఆ పేరుతో ఒకణ్ణి కన్నాను, పాతిపెట్టాను కూడా. ఆ హనన్యా ఎవరని అడుగుతున్నా. చచ్చిపోయింది నా పెరెషు. వాడి పేరు నిలబెట్టడానికి హనన్యా ఎందుకొచ్చాడు?"

పేరు వినపడగానే యెహోయాదా గుడ్డను ముక్కుకు ఆనించుకున్నాడు. "అమ్మా, లోకం మారిపోయింది. రేపు నేను యెరూషలేములో పండక్కి పోతే, వీడు ఎవడు అని యాజకుడు అడిగితే, పేడ కొడుకు పేడ అని చెప్పమంటావా?"

"చెప్పు. యాజకుడు బలి ఇచ్చిన ఎద్దు కడుపులోంచి తీసి పారేసేది ఏమిటో ఆయనకు తెలుసులే."

హొగ్లా ఇరవై దాటని పిల్ల. ఆమె పేరుకు అర్థం కౌజుపిట్ట. కౌజుపిట్టలాగే నేలను అంటిపెట్టుకుని, కనపడకుండా ఉండే మనిషి. ఈ ఇల్లు కాదనుకుంటే ఆమెకు మిగిలింది పొరుగూళ్ళో అన్నగారి తిరగలి. వదిన పెట్టే రొట్టె, వదిన అనే మాట. అందుకని ఆమె చాలావాటికి సిద్ధపడే ఉంది. ఆ నూనె గడ్డానికి, ఆ బోళం వాసనకు, పీట మీద గుడ్డ పరుచుకుని కూర్చునే ఆ తీరుకు. రేపు తన పరుపు మీద కూడా అలాగే గుడ్డ పరుచుకుని కూర్చుంటాడు కాబోలు అనుకుంది. అయినా మింగింది.

ఒక్కటి మాత్రం మింగుడు పడలేదు.

చచ్చినవాళ్ళు పోయేది పాతాళానికి. అక్కడ పాట లేదు, మాట లేదు, దేవుణ్ణి తలచుకునే నోరు కూడా లేదు. అంతా మట్టి, మౌనం. చచ్చినవాడికి మిగిలేది పైన నేల మీద పలికే పేరు ఒక్కటే. అతని గడప మీద, అతని గట్టు మీద నిలబడి ఒకడు ఆ పేరుకు ఊ కొడుతుంటే, యెహోవా సన్నిధిలో ఆ మనిషి ఇంకా లెక్కలో ఉన్నట్టే. ఆ పిలుపు ఆగిన రోజున అతను రెండోసారి చస్తాడు. అది హొగ్లాకు ఎవరూ నేర్పలేదు, పాలతో పాటే తాగింది.

"బావగారూ" అంది మెల్లగా. "మీరు ఆయన పేరు ఎప్పుడైనా పలికారా?"

"ఆ మాట నా నోట రాదమ్మా. ఊరందరికీ తెలుసు. ఇది దేవుడి నామం మోసే ఒళ్ళు."

అతను వెళ్ళిపోయాక అతారా, అతను కూర్చున్న పీటను బయటికి తెచ్చి ఎండలో పెట్టింది.

పెరెషు తోట కింద ఒక గుంట ఉంది. గడ్డి పరిచి, పశువుల పేడ వేసి, నూనెగానుగ పిప్పి కలిపి, వర్షాకాలమంతా కాళ్ళతో తొక్కి మాగబెట్టిన ఎరువు. ఆ ఊళ్ళో అంతటి గుంట ఇంకొకటి లేదు. పెరెషు ఒకసారి అందులో మరిచిపోయిన చేతికర్ర వసంతానికి చిగురు వేసిందని గారేబు ముసలాయన చెప్పేవాడు, కాయ కూడా కాసిందని తాగినప్పుడు చెప్పేవాడు. మొగుడు పోయిన తరువాత హొగ్లా ఆ గుంట వైపు పోలేదు. మళ్ళీ పోయిన రోజున గుంట సగానికి దిగి ఉంది. పక్కన గాడిద డెక్కలు, గంపలు ఈడ్చిన జాడలు. ఆ జాడలు పై గట్టుకు పోయాయి. పై గట్టు బావగారిది.

మర్నాడు తెల్లవారగానే వచ్చి రాతిగోడ చాటున నిలబడింది.

యెహోయాదా గుంటలో ఉన్నాడు. పనివాణ్ణి తేలేదు, చూసినవాడు నలుగురికీ చెబుతాడని కాబోలు. అంగీ నడుముకు ఎగదోపుకుని, బోళం గుడ్డ మూతికి కట్టుకుని, మోకాళ్ళ దాకా దిగి, రెండు చేతులా తోడి గంపలకు ఎత్తుతున్నాడు. ఎత్తిన ప్రతిసారీ చేతివేళ్ళను గంప అంచుకు గీరి గీరి ఒక్క చుక్క వదలకుండా రాలుస్తున్నాడు. తమ్ముడు తొక్కిన ఎరువు. ఆ పాదాలు తొక్కి తొక్కి నల్లగా, వెన్నలాగా చేసిన ఎరువు.

హొగ్లాకు డోకు వచ్చింది. పేడకు కాదు. ఆమె పుట్టింది గొర్రెల దొడ్డి పక్కన, పేడతో పిడకలు చేసి రొట్టెలు కాల్చిన చేతులు ఆమెవి. ఆ కట్టుకున్న గుడ్డను చూసి వచ్చింది. ఆ నోటికి గుడ్డ, ఆ చేతులకు తమ్ముడి గుంట. గోడ పట్టుకుని వంగి, రాత్రి తిన్న యవల రొట్టె అక్కడే కక్కి, మూతి తుడుచుకుని, తిన్నగా ఇంటికి వచ్చింది.

"అత్తా, పెద్దలను కూర్చోమని చెప్పు. గవిని దగ్గరికి పోదాం."

"దేనికే?"

"చెప్పు ఊడదీయడానికి."

అతారా ఆమె మొహంలోకి చూసింది. "ఊడదీస్తే నీకు ఈ ఊళ్ళో మొగుడు దొరకడు. తెలుసా?"

"తెలుసు."

"బిడ్డ ఉండడు."

"హనన్యా ఉండడు" అంది హొగ్లా.

ఆ ధర్మం అందరికీ తెలిసిందే. చచ్చిన సహోదరుడి పేరు నిలబెట్టనని అన్నవాణ్ణి గవిని దగ్గర పెద్దల ముందు నిలబెడతారు. ఆ విధవ అతని కాలి చెప్పు ఊడదీసి, మొహాన ఉమ్మి, చెప్పవలసిన మాట చెబుతుంది. అంతటితో చచ్చినవాడి నేల మీద ఆ కాలికి హక్కు ఉండదు. అతని ఇంటికి కూడా అప్పటి నుంచి వేరే పేరు పడుతుంది. బేత్ గోరెనులో దీనికి ఇంకో కట్టుబాటు కూడా ఉంది. చెప్పు వారుకు ఇనుము తగలకూడదు. ఆడది తనంతట తాను విప్పాలి. పెద్దలు లేచిపోయేలోగా విప్పలేకపోతే, ఆమె కోరిక చెల్లనట్టే. మళ్ళీ ఆ మనిషి చేతికే పోతుంది.

కబురు యెహోయాదాకు ముందే చేరింది. ఆ ఊళ్ళో కబురు మనిషి కంటే ముందు నడుస్తుంది. తన తెలివి మీద అతనికి ఎప్పుడూ నమ్మకమే. పచ్చి తోలు వార్లు నీళ్ళలో నానబెట్టి, మర్నాడు చీకటితోనే చెప్పులకు దూర్చి, పిక్కల దాకా చుట్టి, ముడి మీద ముడి వేసుకున్నాడు. పచ్చితోలు ఎండినకొద్దీ బిగుస్తుంది. సాయంత్రం పెద్దలు కూర్చునేసరికి రాయి అవుతుంది. అంతవరకూ బాగానే ఉంది. కాని తీర్పు ఎటుపోయినా, ఆ రోజు తరువాత గుంట దగ్గరికి పోవడం కష్టమని కూడా అతనికి తోచింది. అందుకని ఆ చెప్పులతోనే చివరి గంపలకు దిగాడు. తడి తోలు అక్కడ తాగగలిగినంతా తాగింది. పైకి వచ్చి కడుక్కుందామంటే ముళ్ళు అప్పటికే బిగుసుకున్నాయి. ఊడదీస్తే మళ్ళీ కట్టుకోవడానికి పొద్దు లేదు. పైపైన నీళ్ళు పోసుకుని, పైపైన నూనె రాసుకుని, గుడ్డ ముక్కుకు పెట్టుకుని గవినికి వచ్చాడు. ఆ రోజు ఆ గుడ్డ అవసరం నిజంగానే ఉంది, అతనికే.

రాతిబల్లల మీద పెద్దలు కూర్చున్నారు. నడుమ గారేబు. గారేబు అంటే గజ్జిగలవాడు. అతని తల్లికీ ఏవో భయాలు ఉండేవి. ఆ పేరుతోనే అందరికంటే ముసలివాడయ్యాడు.

"ఏం నాయనా" అన్నాడు గారేబు. "తమ్ముడి ఇల్లు కడతావా కట్టవా?"

"కట్టనని నేను అనలేదు పెద్దయ్యా. ఆమెను తీసుకుంటాను."

"మంచిది. అయితే ఆ మాట మన పెద్దల వరసలో చెప్పు. నా సహోదరుడు ఫలానావాడి పేరు ఇశ్రాయేలులో నిలబెడతాను అను."

"నా సహోదరుని పేరు ఇశ్రాయేలులో నిలబెడతాను."

"ఏ సహోదరుడు?"

"నాకు ఉన్నది ఒక్కడే కదా పెద్దయ్యా."

"నాకు చెవుడు. మతిమరుపు కూడా. వాడి పేరేమిటో."

జనం కిసుక్కుమన్నారు. యెహోయాదా గుడ్డ నలిపాడు. "మీ అందరికీ తెలిసిందే."

"తెలిసిందే పలకడానికి నొప్పేంటి? బయలు పేరు ఇన్నేళ్ళు నీ ఒంటి మీద మోసావు, ఒళ్ళేమీ కుళ్ళలేదు. ఇది నీ అమ్మ పెట్టిన పేరు. అదిగో, అక్కడే కూర్చుంది పెట్టినావిడ."

"పలకను" అన్నాడు యెహోయాదా. "ఈ నోరు పవిత్రం చేసుకున్న నోరు. పేరు మార్చనిస్తే నిలబెడతాను."

"పేరు మార్చి పేరు నిలబెడతాడట" అంది అతారా, పక్కనున్నావిడతో చెప్పినట్టుగా. "మేకను కోసి మేకను కాపాడాడని వీడికి బిరుదు ఇవ్వండి."

గారేబు పక్కవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు గడ్డాలు నిమురుకున్నారు. "పేరు నిలబెట్టను అన్నాడు. మేం విన్నాం. అమ్మాయ్ హొగ్లా, ఇక నీ పని."

హొగ్లా వచ్చి అతని ముందు మోకరించింది. వార్ల మీద చెయ్యి వేసింది. రాయి. గోళ్ళతో గిల్లింది, లాగింది, వేళ్ళ సందుల్లో నెత్తురు వచ్చింది. ఎవరో కొడవలి అందించబోతే పెద్దలు అరిచారు. యెహోయాదా పైన ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు, ప్రార్థన చేస్తున్నట్టు. పొద్దు గవిని గోడ మీద నుంచి జారుతోంది.

"పాపం, వదిలెయ్ అమ్మా" అన్నాడు మెత్తగా. "చేతులు పాడుచేసుకోకు. రేపు ఆ చేతులతోనే కదా నాకు రొట్టె పెట్టాలి."

ఆ మాటతో హొగ్లా వంగింది. మొహాన్ని అతని పాదం దాకా దించింది. అప్పుడు ఆ వాసన తగిలింది. బోళం కింద నూనె, నూనె కింద గానుగ పిప్పి కలిసిన ఆ నల్ల ఎరువు. ఊళ్ళో ఏ గుంటకూ లేని వాసన. తన మొగుడి కాళ్ళు కడిగిన ప్రతి సాయంత్రం ఎరిగిన వాసన. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, వార్ల మడతల్లో ఎండి పెచ్చులు కట్టి ఉంది.

ఆమె ముడిని పళ్ళతో పట్టుకుంది.

"ఇది చెల్లదు" అన్నాడు యెహోయాదా, కాలు వెనక్కి లాగుతూ.

"ఇనుము తగలకూడదన్నారు" అన్నాడు గారేబు. "పళ్ళు ఇనుమా? కదలకుండా నిలబడు, పవిత్రుడా. నువ్వు కట్టుకున్న ముళ్ళే కదా."

నమిలింది. ఆ పచ్చితోలును, అందులోకి ఇంకిన చెమటను, నూనెను, దొంగిలించిన ఎరువును కుక్క ఎముకను నమిలినట్టు నమిలింది. జనంలో ఒకావిడ చూడలేక మొహం తిప్పుకుంది. గడ్డాలు నిమురుకునే పెద్దలు నిమరడం ఆపారు. ఒక ముడి జారింది. దాని కిందది తెగింది. ఆఖరిది ఆమె చిగుళ్ళ నెత్తురుకే నానింది కాబోలు, మెత్తబడి ఊడి వచ్చింది. హొగ్లా చెప్పు లాగి పక్కన పారేసింది. ఆ పాదం అందరి ముందూ బయటపడింది. యెహోయాదా ఆ పాదాన్ని రెండో పాదం వెనక దాచుకోబోయాడు.

"ఓహో" అన్నాడు గారేబు, ముందుకు వంగి వాసన చూసి. "పేరు నోటికి రాదు గాని, గుంట కాలికి బాగానే వచ్చినట్టుందే."

హొగ్లా లేచింది. ధర్మం ప్రకారం ఉమ్మడానికి ఆడవాళ్ళు ఏదో ఒక చుక్క కష్టపడి తెచ్చుకోవాలి, గొంతు ఎండిపోయి ఉంటుంది కదా. ఆమెకు ఆ కష్టం లేదు. నోటి నిండా ఉంది. అంతా ఉమ్మింది. అది ఎడమ కంటి దగ్గర మొదలై, నూనె గడ్డాన్ని పాయలు పాయలుగా చీల్చుకుంటూ అంగీ మెడ దాకా పోయింది. ఆ వేసవి పొడుగునా ఊరి ఈగలు పశువులను వదిలేసి ఆ గడ్డం మీదే కాపురం పెట్టాయని, పొరుగూరి ఈగలు కూడా చుట్టపుచూపుగా వచ్చి పోయేవని చెబుతారు.

"తన సహోదరుని ఇల్లు కట్టనివాడికి ఇలాగే జరుగుతుంది" అంది హొగ్లా. అక్కడికి మాట పూర్తయింది. కాని ఆమె ఆగలేదు. "నా మొగుడి పేరు పెరెషు."

ఆ రోజు నుంచి యెహోయాదా అన్న పేరు ఊళ్ళో ఎవరూ పలకలేదు. చెప్పు ఊడినవాడు అనేవాళ్ళు. చెప్పు ఊడినవాడి ఇల్లు, చెప్పు ఊడినవాడి గాడిద. అతను మళ్ళీ చెప్పులు తొడుక్కోలేదు. తోట, గుంట అత్తాకోడళ్ళకు మిగిలాయి. వాళ్ళు తీగలు కత్తిరించుకున్నారు, గుంట తొక్కుకున్నారు.

కాని హొగ్లా గెలవలేదు, ఆమెకు తెలుసు. ఉమ్మి ఆరిపోయాక మిగిలిందేమిటి? గట్టు మీద పెరెషూ అంటే పలికేవాడు లేడు. తాను, అత్త, ఇద్దరు ఆడవాళ్ళ నోళ్ళలో ఒక పేరు. అత్త ముసలిదైంది. ఒక్కోరోజు సాయంత్రం హొగ్లా గుంట పక్కన నిలబడి ఊరికే ఆ పేరు పైకి అనేది, నేల మరిచిపోతుందేమోనని. నోట్లో ఆ వారు రుచి మాత్రం పోలేదు. అంజూరపు పండు తిన్నా అదే రుచి.

అలా ఉండగా కింది వీధి నుంచి ఒకావిడ వచ్చింది. చేతిలో పసికందు. అంతకుముందు ఆమెకు పుట్టినవాళ్ళు ఒక్కరూ నిలవలేదు.

"అతారత్తా" అంది గడపలో నిలబడి. "నీ కొడుకు పేరు నాకిస్తావా? ఆ పేరు వింటే చావు గడప దిగిపోయిందంట కదా."

"గాడిద తీసుకుపోయింది, జాగ్రత్త" అంది అతారా. కళ్ళు తుడుచుకుంది. హొగ్లా గుంట నుంచి చిటికెడు తెచ్చి బిడ్డ నుదుట పెట్టింది. అతారా పెరెషూ అని పిలిచింది. బిడ్డ తుమ్మాడు. బతికాడు.

తరువాత ఇంకో ఆవిడ. ఆ తరువాత కొండ అవతలి ఊరు నుంచి ఒక కుమ్మరివాడి భార్య. ఆ కొండల్లో బిడ్డ పోని తల్లి లేదు, భయపడని తల్లి అంతకన్నా లేదు. కొన్ని వేసవులు గడిచేసరికి బేత్ గోరెనులో సాయంత్రం ఒక తల్లి మిద్దె ఎక్కి పెరెషూ అని కేకేస్తే, నాలుగు వీధుల నుంచి పెరెషులు పరుగెత్తుకు వచ్చేవారు, రొట్టె ఎవరికో తెలియక తన్నుకునేవారు.

చిట్టచివరికి వచ్చింది నయరా. చెప్పు ఊడినవాడి కోడలు. ముసుగు కప్పుకుని, పక్కవీధి తిరిగి వచ్చింది. ఒళ్ళో బిడ్డ, ఏడవడానికి కూడా ఓపిక లేని బిడ్డ.

"మామగారు ముగ్గురికి పెట్టిన పేర్లు చాలు" అంది. "ముగ్గురూ గుహలో ఉన్నారు. వీడికి నేనే పెట్టుకుంటాను."

హొగ్లాకు నోట్లో నీళ్ళూరాయి, ఉమ్మడానికి ఊరే నీళ్ళు. ఆ మొహం చూసి మింగేసింది. ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదు.

"ఇస్తాను. కాని మీ మామ గవిని దగ్గరికి వచ్చి, ఆ పేరు తన నోటితో పలకాలి. మా నేల మీద కాలు పెట్టనక్కరలేదు."

"ఆయన రాడు."

"రాకపోతే హనన్యా అని పెట్టుకో."

వచ్చాడు. వట్టికాళ్ళతో, మనవడు రొమ్ము తాగడం మానేశాడన్న రోజున. గడ్డంలో నూనె లేదు. రాతిబల్ల మీద గారేబు ఎండుటాకులాగా ముడుచుకుని కూర్చున్నాడు, ఇంకా చావకుండా.

"పెరెషు" అన్నాడు చెప్పు ఊడినవాడు, గాలితో చెప్పినట్టు.

"చెవుడని అప్పుడే చెప్పాను కదురా."

"నా తమ్ముడు పెరెషు. వాడి పేరు ఇశ్రాయేలులో నిలుచును గాక."

ఈసారి మిద్దెల మీదివాళ్ళు కూడా విన్నారు. ఆట ఆపేసి ఇద్దరు ముగ్గురు పెరెషులు మమ్మల్నేనా అన్నట్టు తొంగిచూశారు. అతారా బిడ్డను అందుకుంది. హొగ్లా నుదుట చిటికెడు పెట్టింది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట విన్నానే, మనసు చల్లబడాలే అనుకుంది. చల్లబడలేదు. ఆ గొంతులో ఆ పేరు వింటుంటే, ఎరువు గంపను గీరిన ఆ వేళ్ళే కనిపించాయి. తనవాడి పేరును కూడా ఇతను అలాగే, అవసరం పడితే రెండు చేతులా తోడుకున్నాడు.

"పలికాను కదా" అన్నాడు అతను గారేబు వైపు తిరిగి. కళ్ళలో ఏదో ఆశ. "ఇక మీదటైనా ఊళ్ళో నన్ను నా పేరుతో పిలవమని చెప్పండి పెద్దయ్యా."

గారేబు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"నీ పేరేమిట్రా?" అన్నాడు.

జవాబు ఏం వచ్చిందో హొగ్లా వినలేదు. అప్పటికే నీటితొట్టి దగ్గరికి పోయి, నోరు పుక్కిలించి ఉమ్ముతోంది. వెనక పసివాడు గుక్కపెట్టి ఏడవడం మొదలుపెట్టాడు. గట్టి ఏడుపు, బతికేవాడి ఏడుపు. అతారా వాణ్ణి ఊపుతూ పేరు పెట్టి పిలుస్తోంది.